విశాఖ చలికి ఇంటి ముస్తాబు: నేల, వెలుగు, తేమ

చలికాలానికి ఇల్లు ఎలా సర్దుకోవాలన్న సలహాల్లో ఎక్కువ భాగం మంచు కురిసే దేశాల ఇళ్లను చూసి రాసినవే. గోడ నుంచి గోడ దాకా మందపాటి కార్పెట్, నేల మీద జీరాడే వెల్వెట్ తెరలు, బిగించి మూసిన కిటికీలు, సోఫా నిండా బొచ్చు దుప్పట్లు. గాలి పొడిగా ఉండి, ఇంట్లో హీటరు పగలూ రాత్రీ నడిచే చోట అవి సరైనవే. విశాఖపట్నంలో అవే పెడితే సంక్రాంతి వచ్చేసరికి కార్పెట్ ముక్కవాసన కొడుతుంది, తెరల అంచున నల్లటి చుక్కలు తేలతాయి, పిల్లలకు తుమ్ములు పట్టుకుంటాయి. వెచ్చదనం కోసం చేసిన ఖర్చంతా తేమను దాచుకునే గూడుగా మారుతుంది.

ఇక్కడి చలి స్వభావం వేరు. వాల్తేరు, బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వంటి ఒడ్డు ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి రాత్రుల ఉష్ణోగ్రత మామూలుగా 18–20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. పెందుర్తి, సింహాచలం వైపు మరో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. పగలు 27–29 డిగ్రీలు. లంబసింగి, పాడేరుల చలి సంగతి వేరు. ఇక్కడి లెక్కలు ఆ కొండ ఇళ్లకు సరిపోవు. నగరంలో గాలి అంత చల్లగా లేకపోయినా మనుషులు ముడుచుకు కూర్చోవడానికి కారణాలు వేరే ఉన్నాయి: అరికాలికి తగిలే టైల్స్, తలుపు సందుల్లోంచి సన్నగా కోసే గాలి, ఉప్పు తేమతో చెమ్మగా అనిపించే గుడ్డలు, తెల్లటి ట్యూబులైటు. ఈ నాలుగింటినీ సరిచేస్తే హీటరు అవసరం పడదు. ముస్తాబు కూడా వీటి చుట్టూనే అల్లుకోవాలి.

అన్నిటికంటే ముందు నేల

మన ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా ఉన్నది విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్, పాలరాయి. ఏప్రిల్, మే నెలల్లో హాయినిచ్చే ఈ నేలే జనవరిలో చలికి అసలు మూలం. గదిలో గాలి, నేల, చెక్క పీట అన్నీ 23 డిగ్రీల దగ్గరే ఉన్నా, అరికాలికి మూడూ ఒకేలా తెలియవు. పాదం చర్మం సుమారు 33 డిగ్రీలు. దాన్ని గ్రానైట్ మీద పెట్టగానే తాకిన చోట ఉష్ణోగ్రత 26 దగ్గరకు పడిపోతుంది. చెక్క మీద పెడితే 30 దగ్గర ఆగుతుంది. నూలు జంపఖానా మీదైతే 32 దాకా నిలుస్తుంది. రాయి వేడిని చెక్క కంటే ఎంతో వేగంగా లాగేయడమే ఇందుకు కారణం. కాబట్టి చలికాలపు బడ్జెట్ కొద్దిగానే ఉంటే ఆ డబ్బంతా నేల మీదే పెట్టాలి. గోడల అలంకరణ తర్వాత చూసుకోవచ్చు.

నేలంతా కప్పాల్సిన పని లేదు. పాదాలు ఆగే చోట్లు ఏ ఇంట్లోనైనా నాలుగైదే: మంచం దిగే చోటు, సోఫా ముందు, పిల్లలు చదువుకునే బల్ల కింద, వంటగట్టు ముందు, దేవుడి గది ముందు. మంచానికి రెండు వైపులా 2 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవున్న పట్టీలు చాలు. హాల్లో మూడు సీట్ల సోఫా ముందు 5×8 అడుగులది సరిపోతుంది, 6×9 అయితే ఇంకా నిండుగా ఉంటుంది. సోఫా ముందు కాళ్లు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మేర దాని మీదికి ఎక్కాలి. చాలామంది 3×5 కొని టీపాయ్ కింద వేసి ఊరుకుంటారు. అప్పుడు కూర్చున్నవారి పాదాలు దాని అంచుకు బయట, చల్లటి టైల్ మీదే ఉంటాయి. కొన్నది చూపుకే తప్ప కాలికి పనికిరాదు.

ఏది కొనాలన్న ప్రశ్నకు ఈ ఊళ్లో మొదటి జవాబు నూలు జంపఖానా. వరంగల్ జంపఖానాలు రెండు వైపులా వాడుకోవచ్చు, చేత్తో ఉతకవచ్చు, ఒక్క ఎండకు ఆరిపోతాయి. ఏలూరు తివాచీలకు ఉన్ని కుచ్చు ఉంటుంది. అవి పాదాలకు మరింత వెచ్చన, చూపుకు మరింత నిండు. కానీ ఉన్ని గాలిలోని తేమను బాగా పీల్చుకుంటుంది. అందుకని సముద్రానికి దగ్గరి ఇళ్లలో తివాచీని కింద పరవకుండా దివాన్ మీద వేసుకోవడం మేలు. జనపనార చాపలు ఉత్తరాంధ్రకు బాగా అలవాటైనవి, ముదురు తేనె రంగులో అందంగా ఉంటాయి. వాటికి ఒకటే లోపం: తడిస్తే గోధుమ రంగు దిగి పాలరాతి మీద మచ్చ పడుతుంది, ఆ మచ్చ తేలిగ్గా పోదు. నేల తడిగుడ్డ పెట్టి తుడిచాక పూర్తిగా ఆరేదాకా, అంటే ఫ్యాను కింద కనీసం అరగంట, ఏ చాపనూ తిరిగి పరవకూడదు. ముదురు ఎరుపు, నీలం జంపఖానాలకూ ఇదే జాగ్రత్త. కొత్తది కొనగానే తెల్ల గుడ్డను తడిపి ఒక మూల గట్టిగా రుద్ది చూడాలి. రంగు అంటితే, మంచి నీళ్లలో రంగు దిగడం ఆగేదాకా జాడించి ఆరేశాక గానీ పాలరాయి మీద వేయకూడదు.

జారకుండా కింద వేసే పొర దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. వెనకవైపు రబ్బరు పూత వేసిన చవక కార్పెట్లు తీరపు వేడికి, తేమకు కొద్ది ఏళ్లలోనే చెడతాయి. పూత పొడిగా రాలుతుంది లేదా జిగటగా మారి టైల్‌కు అతుక్కుంటుంది. ప్లాస్టిక్ వలలాంటి మ్యాట్లు మెరుగుపెట్టిన నేల మీద గళ్లగళ్లుగా గుర్తులు వదులుతాయి. వీటి బదులు నొక్కిన ఉన్ని, అంటే ఫెల్ట్, పావు అంగుళం మందాన తీసుకుని జంపఖానా కంటే అన్ని వైపులా అంగుళం తక్కువగా కోసి కింద వేస్తే మెత్తదనం పెరుగుతుంది, వేడి నిలుస్తుంది. నున్నటి టైల్ మీద ఫెల్ట్ ఒక్కటే జారుడును ఆపదు. వృద్ధులున్న ఇంట్లో నాలుగు మూలలూ రెండు ముఖాల టేపుతో అదిమిపెట్టడం తప్పనిసరి. మూల లేచి ఉంటే కాలు తట్టుకుంటుంది.

ఎండను ఇంట్లోకి పిలవడం

డిసెంబరు చివర విశాఖలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు. తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి వస్తాడు. ఈ ఊరి తీరం కూడా ఆగ్నేయం వైపే తిరిగి ఉంది. అంటే సముద్రం కనబడే ఫ్లాటుకు చలికాలపు తొలి ఎండ నేరుగా హాల్లోకే వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే తొమ్మిది గంటల వేళ ఆగ్నేయపు కిటికీ అద్దంలో ప్రతి చదరపు మీటరు గుండా 400 వాట్ల దాకా వేడి లోపలికి చేరుతుంది. ఖర్చు లేకుండా వచ్చే ఈ హీటరును చాలా ఇళ్లలో తెరలు మూసి బయటే ఆపేస్తారు. వేసవిలో అతికించిన ముదురు ఫిల్ము కూడా అదే పని చేస్తుంది. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా తెర పూర్తిగా పక్కకు లాగి, అద్దం మాత్రం మూసి ఉంచాలి: ఎండ రావాలి, గాలి రాకూడదు.

దక్షిణపు కిటికీల లెక్క వేరు. డిసెంబరు మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల సజ్జ ఉంటే కిటికీ పైభాగాన రెండుంబావు అడుగుల మేర నీడ పడి, మిగతా కింది భాగంలోంచి ఎండ లోపలికి వస్తుంది. నాలుగడుగుల కిటికీ, మూడడుగుల ఎత్తున గట్టు ఉన్న గదిలో ఆ ఎండ గోడకు రెండున్నర అడుగుల నుంచి నాలుగడుగుల దూరంలో ఒక పట్టీగా పడుతుంది. ఎండ పడే ఆ మేర మాత్రం నేలను ఖాళీగా వదలాలి. టైల్ ఎండను తాగి సాయంత్రం దాకా గోరువెచ్చగా ఉంటుంది. దాని మీద జంపఖానా వేస్తే వేడి రాతిలోకి దిగదు, గుడ్డ రంగు వెలుస్తుంది. పరుపు, చాప ఆ పట్టీ దాటాక మొదలుపెట్టి, కూర్చునే కుర్చీని దాని అంచుకు చేర్చుకుంటే ఇంట్లో అందరికంటే పెద్దవారికి అదే మంచి చోటు అవుతుంది.

పొద్దు వాలాక కథ తిరగబడుతుంది. ఈ రోజుల్లో ఐదున్నరకే చీకటి పడుతుంది. ఐదు దాటాక తెరలు మూసేయాలి. తెర గుడ్డ వెడల్పు కిటికీ వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్లు ఉంటేనే కుచ్చులు నిలిచి మధ్యలో గాలి పొర ఏర్పడుతుంది. ఐదడుగుల కిటికీకి మొత్తం 120–150 అంగుళాల గుడ్డ కావాలి, అంటే 48 అంగుళాల పన్నా గుడ్డ మూడు ముక్కలు. చాలామంది రెండు ముక్కలతో సరిపెడతారు. మూసినప్పుడు అది పలకలా సాగి ఉంటుంది, వెచ్చదనమూ రాదు, అందమూ రాదు. పొడవు నేలకు అర అంగుళం పైన ఆగాలి. నేల మీద జీరాడే తెర ఇక్కడ తడిగుడ్డ నీళ్లు పీల్చుకుని అడుగంచున బూజు పడుతుంది. కడ్డీలకు రంగు పూసిన ఇనుము వద్దు. సముద్రానికి కిలోమీటరు లోపు ఇళ్లలో రెండేళ్లకే తుప్పు కారి గుడ్డకు మరక పడుతుంది. చెక్క కడ్డీ గానీ అల్యూమినియంది గానీ మన్నుతుంది.

ఉప్పు సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఒడ్డు ప్రాంతాల్లో తెరలు చల్లగా, చెమ్మగా తగలడానికి కారణం తరచు ఉప్పే. సముద్రపు గాలి మోసుకొచ్చే సన్నటి ఉప్పు గుడ్డ పోగుల్లో కూర్చుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున తేమ ఆ గీత దాటడం ఇక్కడ మామూలే. అప్పుడు ఆరిన తెర కూడా తడిసినట్టే ఉంటుంది. కార్తీకం ముగిసేలోగా బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, సాగర్ నగర్, రుషికొండ వైపు ఇళ్లలో తెరలు, సోఫా గలీబులు, దిండు గలీబులు అన్నిటినీ సబ్బు లేకపోయినా సరే మంచి నీళ్లలో రెండు సార్లు జాడించి ఎండలో ఆరేస్తే ఆ చెమ్మ చాలావరకు పోతుంది. కొత్త గుడ్డలు కొనడానికి ముందు ఈ పని చేసి చూడాలి. సగం ఇళ్లలో ఇక కొనాల్సిన అవసరమే కనబడదు.

సందులు మూసే చోటు, మూయకూడని చోటు

తలుపు కింద అర అంగుళం సందు చిన్నదిగానే కనిపిస్తుంది. మూడడుగుల తలుపుకు అది 18 చదరపు అంగుళాలు. గోడకు అంత కన్నం ఉంటే ఎవరూ ఊరుకోరు. తలుపు అడుగున రబ్బరు పట్టీ బిగించడం ఒక మార్గం. పాత జీన్స్ కాలును తలుపు వెడల్పుకు రెండంగుళాలు ఎక్కువగా కోసి, రెండు చివరలూ కుట్టి, ధాన్యపు ఊకతోనో పాత గుడ్డ పేలికలతోనో నింపి అడ్డంగా పెట్టడం ఇంకో మార్గం. బరువు కోసం బీచ్ ఇసుక నింపకూడదు. అందులోని ఉప్పు తేమ లాగి గొట్టమంతా ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, చెక్క తలుపు అడుగు ఉబ్బుతుంది. స్లైడింగ్ కిటికీలకు అంచున సన్నటి కుచ్చు పట్టీ ఉంటుంది. అది అరిగితే రెక్కలు గాలికి టకటకలాడతాయి. ఆ పట్టీని అల్యూమినియం పని చేసేవారి దగ్గర అడుగుల లెక్కన కొని, రెక్క విప్పి పాతది లాగేసి కొత్తది గాడిలో దూర్చవచ్చు.

వంటగదిలోనూ, గ్యాస్ గీజరు ఉన్న స్నానాల గదిలోనూ సందులు, వెంటిలేటర్లు మూయకూడదు. గ్యాస్ మండిన చోట గాలి సరిగా ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, తల తిరిగే లోపే మనిషి పడిపోవచ్చు. పడకగదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపు వేసుకోవడం కూడా అంతే ప్రమాదం. బాలింత గదిలో సాంబ్రాణి వేసినా కిటికీ ఒక రెక్క తీసి ఉంచి, నిప్పు ఆరాక కుంపటి బయట పెట్టాలి.

ఇల్లంతా బిగించి మూస్తే తేమ ఎక్కడికీ పోదు. గదిలో గాలి 25 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే, 19 డిగ్రీలకు దిగిన ఏ గోడ మీదైనా నీటి బొట్లు కడతాయి. బూజుకు అంత చల్లదనం కూడా అక్కర్లేదు; గోడ 23 దగ్గర ఉన్నా దానికి చాలు. ఉత్తరపు గోడకు ఆనించిన బీరువా వెనక, పరుపు కింద, గోడకు అతికినట్టు కట్టిన వస్త్రపు అలంకరణ వెనక నల్లటి మచ్చలు వచ్చేది ఇందుకే. బీరువాకూ గోడకూ మధ్య రెండంగుళాల ఖాళీ ఉంచాలి. గోడ మీద కలంకారీ గుడ్డ గానీ సవర గిరిజనుల చిత్రం గానీ వేలాడదీస్తే వెనక అంగుళం మందం చెక్క ముక్కలు పెట్టి గాలి ఆడనివ్వాలి. తడిబట్టలు పడకగదిలో ఆరేయకూడదు. రోజూ తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా, సముద్రపు గాలి బలం పుంజుకునే లోపు, ఎదురెదురు కిటికీలు బార్లా తీసి ఉంచితే రాత్రంతా ఊపిరితో, వంటతో పేరుకున్న తేమ బయటికి పోతుంది.

వెలుగు రంగు

“పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు” అన్న సామెతలో లెక్క ఉంది. డిసెంబరు చివర విశాఖలో పగలు సుమారు 11 గంటలే, జూన్‌లో కంటే రెండు గంటలు తక్కువ. అంటే ఇంటిల్లిపాదీ కలిసి ఉండే సమయమంతా దీపాల వెలుగులోనే గడుస్తుంది. ఆ వెలుగు ఎలాంటిదన్నది సోఫా గలీబు రంగు కంటే ఎన్నో రెట్లు ముఖ్యం.

మన హాళ్లలో ఉండేది సాధారణంగా 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు. దాని వెలుగు రంగు కొలత 6500 కెల్విన్, అంటే నీలం కలిసిన తెలుపు. లెక్కలు రాసుకోవడానికి, బియ్యంలో రాళ్లు ఏరడానికి అది బాగుంటుంది. విశ్రాంతికి కావాల్సింది పెట్టె మీద 2700 లేదా 3000 కెల్విన్ అని, ‘వార్మ్ వైట్’ అని ఉండే బల్బు. రంగు చూపే గుణాన్ని సీఆర్ఐ అంటారు, అది 90 ఉంటే ముఖాలు, తినే పదార్థాలు సహజంగా కనిపిస్తాయి. 80 కంటే తగ్గితే పసుపు కాంతిలో అన్నీ పాలిపోయినట్టు ఉంటాయి.

బల్బు రంగు మార్చి, పైకప్పు మధ్యలో అదే చోట పెడితే సగం పనే అయినట్టు. వెలుగు పై నుంచి ఒకే చోట పడితే మూలలు చీకటి, ముఖాల మీద నీడ. 10×14 అడుగుల హాలుకు సాయంత్రం మొత్తం 1000–1200 ల్యూమెన్ల వెలుగు చాలు, దాన్ని మూడు చోట్లకు పంచాలి: 5 వాట్ల బల్బులు రెండు, 3 వాట్లది ఒకటి. ఒకటి సోఫా పక్కన, ఒకటి ఎదుటి మూలలో, చిన్నది పుస్తకాల అర మీదో దేవుడి గది దగ్గరో. దీపపు గుడ్డ టోపీ కింది అంచు నేలకు సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో, కూర్చున్నవారి కంటికి సమానంగా ఉంటే బల్బు కంట్లో పొడవదు. ట్యూబులైటును పీకేయక్కర్లేదు, చదువులకు, శుభ్రం చేయడానికి అది ఉండాలి. అయితే రెండూ ఒకేసారి వెలిగించకూడదు. పసుపు, నీలం వెలుగులు కలిస్తే గది మురికిగా కనిపిస్తుంది, చాలామంది వార్మ్ వైట్ నచ్చలేదనడానికి కారణం ఇదే.

దీపపు టోపీ ఇంట్లో చేసుకోవచ్చు. 12 అంగుళాల వ్యాసం ఉన్న తీగ చట్రాలు రెండు, 9 అంగుళాల ఎత్తు కోసం 39 అంగుళాల పొడవు, 11 అంగుళాల వెడల్పు గుడ్డ కావాలి. చుట్టుకొలత 38 అంగుళాల లోపే, మిగిలిన అంగుళం అతుకుకు. పైనా కిందా ఒక్కో అంగుళం మడతకు. పొందూరు ఖద్దరు, మంగళగిరి నూలు వంటి పలచటి నేత గుడ్డలో పోగులు వెలుగుకు కనబడి ఎంతో బాగుంటాయి. బల్బు ఎల్ఈడీయే కావాలి, 5 వాట్లు దాటకూడదు. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెడితే గుడ్డ మాడుతుంది. వెలుగు తగ్గించే డిమ్మరు పెట్టదలిస్తే దానికి పనికొచ్చే బల్బే కొనాలి, మామూలు ఎల్ఈడీ డిమ్మరు మీద మిణుకుమిణుకుమంటుంది, త్వరగా పోతుంది. వైరును జంపఖానా కింద నుంచి లాగకూడదు. తొక్కుడుకు లోపలి తీగ తెగి వేడెక్కుతుంది.

ఇత్తడి ఈ కాలపు నేస్తం. చింతపండుతో తోమిన ఇత్తడి పళ్లేన్ని దీపం వెనక నిలబెడితే 2700 కెల్విన్ వెలుగు బంగారు ఛాయలో తిరిగొస్తుంది. ఉప్పు గాలికి నెలలోపే మసకబారుతుంది కాబట్టి పదిహేను రోజులకోసారి తోమాలి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బొమ్మలు కూడా ఆ వెలుగులో నిండుగా కనిపిస్తాయి. అంకుడు కర్ర మీద సహజ రంగుల లక్క పూత, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం. లక్క వేడికి మెత్తబడుతుంది, సహజ రంగులు ఎండకు వెలుస్తాయి. అందుకని వాటిని ప్రమిద పక్కన గానీ ఎండ పడే కిటికీ గట్టు మీద గానీ పెట్టకూడదు.

గోడల రంగు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రెండు నెలల చలి కోసం గోడకు ముదురు రంగు వేస్తే పది నెలలు అది గదిని ఇరుకు చేస్తుంది, వెలుగును తాగేస్తుంది. ఇటుక రంగు, జేగురు, ఆవపిండి పసుపు, తేనె రంగు గుడ్డల్లోనే తేవాలి: రెండు దిండ్లు, ఒక దుప్పటి, ఒక జంపఖానా. వన్‌టౌన్, జ్ఞానాపురం వంటి పోర్టు దగ్గరి ఇళ్లలో నల్లటి ధూళి దిగుతుంది. అక్కడ లేత రంగు బొచ్చు గుడ్డలు వారానికే నల్లబడతాయి. గట్టి నేత, ముదురు రంగు, జిప్పుతో ఊడదీసి ఉతికే గలీబులు తీసుకోవాలి. 16 అంగుళాల గలీబులో 18 అంగుళాల దిండు పెడితే మూలలు నిండుగా నిలుస్తాయి.

పడక

విశాఖలో డిసెంబరు రాత్రి కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఉక్క వల్ల కాదు, దోమల వల్ల. ఫ్యాను గాలి ఒంటికి తగిలితే ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే. పైన ఫ్యాను, కింద రెండు రగ్గులు అనే ఈ ఏర్పాటులో తెల్లవారుజామున ముక్కు దిబ్బడ తప్పదు. దోమతెర కడితే రెండు సమస్యలూ ఒకేసారి తీరతాయి. దోమలు రావు, ఫ్యాను ఆపవచ్చు, తెర లోపల గాలి కదలిక నెమ్మదించి పడక వెచ్చబడుతుంది. నాలుగు కోళ్లకు వెదురు కర్రలు కట్టి, తెల్లటి తెరను పరుపు కిందికి ఆరంగుళాలు దోపితే చూడ్డానికీ ఎంతో ముచ్చటగా ఉంటుంది. చలికాలపు పడకగదికి ఇంతకు మించిన అలంకరణ లేదు.

కప్పుకోవడానికి బొంతను మించింది లేదు. ఒంటి మంచానికి మెత్తబడిన పాత నూలు చీరలు మూడు చాలు. చీర పొడవు సుమారు 18 అడుగులు. ఏడడుగుల ముక్కలు రెండు కోసుకుంటే మిగిలిన నాలుగడుగులు అంచు పట్టీకి వస్తాయి. మూడు చీరలకు ఆరు పొరలు. గంజి పూర్తిగా పోయేలా ఉతికి, ఎండబెట్టి, నేల మీద ఒకదాని మీద ఒకటి ముడతల్లేకుండా పరచి, ముందు నడిమి నుంచి అంచులకు పెద్ద టాకాలు వేసుకోవాలి. ఆ తర్వాత అంగుళం దూరంలో వరసలుగా గొలుసు లేని మామూలు కుట్టు. అంచుల నుంచి మొదలుపెడితే గుడ్డ నడిమికి జరిగి ఉబ్బుతుంది. మధ్యలో ఒక్క పాలిస్టర్ చీర కలిపినా పొరలు జారి కుచ్చు కడతాయి. పొరల మధ్య నిలిచే గాలి వల్లే వెచ్చదనం; కుట్టు మరీ దగ్గరగా, అరంగుళానికి ఒకటి వేస్తే ఆ గాలికి చోటుండదు, బొంత గట్టిపడుతుంది. బొచ్చు ఫ్లీస్ దుప్పట్లు 18 డిగ్రీల రాత్రికి మొదట్లో హాయిగా ఉన్నా అర్ధరాత్రికి చెమట పట్టిస్తాయి, ఆ చెమట తెల్లవారేసరికి చల్లబడుతుంది. గొంగళి గుచ్చుకుంటుందనుకునేవారు దాన్ని నూలు గలీబులో పెట్టుకోవచ్చు.

బూరుగు దూది దిండ్లు, బొంతలు, జంపఖానాలు పది రోజులకోసారి మేడ మీద పది నుంచి రెండు దాకా ఎండ తాగాలి. ఉదయాన్నే ఆరేస్తే మంచుకు తడుస్తాయి. నాలుగు దాటాక ఉంచినా అంతే. దుమ్ములో పెరిగే సూక్ష్మ పురుగులకు తేమ ఉన్న పరుపే ఇల్లు, ఉబ్బసం ఉన్నవారికి ఈ ఎండబెట్టుడు అలంకరణ కంటే ముఖ్యం.

చంటిపిల్లలో, బాగా పెద్దవారో ఉండి హీటరు తప్పదనుకుంటే నూనె నింపిన రేడియేటరు రకం మేలు. దానికి ఎర్రటి నిప్పు ఉండదు. 2000 వాట్లది సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. గోడకున్న 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గులోనే పెట్టాలి; 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు కరిగిపోతుంది. తెరకు, బొంతకు మూడడుగుల దూరం ఉండాలి.

ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు

బాల్కనీ అలంకరణకు తొందరపడకూడదు. ఈ తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపాన్ల కాలం; హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. వేలాడే గాజు దీపాలు, మట్టి కుండీలు, వెదురు తెరలు ఒక్క నిమిషంలో ఊడదీసి లోపల పెట్టేలా కొక్కాలకే తగిలించాలి. తీగ కట్టి బిగించకూడదు. సీరియల్ లైట్లు ఐపీ65 అని ఉన్నవి, అంటే దుమ్ము, వాన చొరబడనివి, తక్కువ వోల్టేజీ అడాప్టరుతో నడిచేవి తీసుకోవాలి. రాగి తీగవి ఉప్పు గాలికి పచ్చబడి ఆరిపోతాయి. ఇంటి లోపలి మార్పు మాత్రం కార్తీకం చివర మొదలుపెట్టవచ్చు. బురుజుపేట కనకమహాలక్ష్మికి మార్గశిర గురువారాల పూజలు మొదలయ్యేనాటికి ఎలాగూ ఇళ్లు కడుగుతారు. ఆ కడుగుడుతోనే తెరల ఉతుకు, జంపఖానాల పరుపు కలిపేస్తే పని ఒకటే. చామంతులు, బంతులు చవకగా దొరికే ఈ నెలల్లో పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన పూలను ఉరుళిలో, అంటే వెడల్పాటి లోహపు పాత్రలో, నీళ్లు పోసి తేలదీసి మధ్యలో ప్రమిద పెడితే గుమ్మానికి ఇంకేమీ అక్కర్లేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. తీరంలో అది రథసప్తమి నాటికే తగ్గుముఖం పడుతుంది. అప్పుడే మందపాటివన్నీ తీసేయాలి. మార్చి ఉక్కలో తివాచీ నేల మీదే ఉంటే మొదటి బూజు అక్కడే పుడుతుంది. ఉతికి, రెండు ఎండలు చూపించి, నీడలో ఒక గంట చల్లారాక మడవాలి. వేడిగా ఉండగానే పెట్టెలో పెడితే లోపల ఆవిరి చెమ్మగా మారుతుంది. ప్లాస్టిక్ సంచులు వద్దు, పాత నూలు చీర మూటే మంచిది. మడతల మధ్య ఎండిన వేపాకు చల్లాలి. కలరా ఉండలు వేస్తే గుడ్డకు తగలకుండా చిన్న మూటలో కట్టి వేయాలి, చంటిపిల్లల దుప్పట్లలో మాత్రం అసలు వాడకూడదు. ఆ ఆవిరి కొందరు పసివాళ్ల రక్తకణాలను దెబ్బతీస్తుంది. తివాచీని మడవకుండా కుచ్చు లోపలికి వచ్చేలా గొట్టానికి చుట్టి, నేలకు తగలకుండా అటక మీద పడుకోబెట్టాలి. వానాకాలం మధ్యలో, ఆగస్టులో ఎండ కాసిన ఒక రోజు చూసి అన్నిటినీ ఒకసారి బయటికి తీసి దులపాలి.